నాజిల్ సంగతి: కరిగిన ప్లాస్టిక్ సమంగా పారాలంటే
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్ములను విద్యకు సంబంధించిన ఏదైనా విషయముపై మాట్లాడమన్నారు. చదువు అవసరమని చెప్పే ప్రసంగాలు ఈ వేదికపై మనమందరమూ చాలా విన్నాము. అందుచేత ఈసారి ఒక చిన్న ఉక్కు ముక్కను గురించి మాట్లాడదలచుకొన్నాము. దాని పేరు నాజిల్. ప్లాస్టిక్ సామాను పోసే యంత్రానికి అది మూతి వంటిది. సభలో చెప్పవలసిన విషయమా ఇది అని కొందరికి అనిపించవచ్చును. కాని కాటేదాన్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు ప్లాస్టిక్ షెడ్లలో పనికి పోయే పిల్లలు ఇక్కడున్న చాలా ఇండ్లలో ఉన్నారు. మా బడిలో చదివి పోయినవారు కూడా ఉన్నారు. సామాను పాడైతే మాట పడేది వారే. వేడి ప్లాస్టిక్ చిమ్మితే చేతులు కాలేది వారివే. పదేండ్లు పని చేసినా హెల్పరుగానే మిగిలిపోయేవారూ వారిలో ఉన్నారు. అందుకని ఈ విషయము మన ఇంటి విషయమే.

మేము ఇంజనీర్లము కాము, బడిపంతుళ్ళము. పిల్లలు వచ్చి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పుస్తకాలు చూసి, డై పని తెలిసిన ఉస్తాదులను అడిగి తెలుసుకొన్నదే ఇక్కడ మనవి చేస్తున్నాము.

యంత్రము చేసే పని

ముందుగా తెలియనివారి కోసం రెండు మాటలు. ప్లాస్టిక్ గింజలను షెడ్లలో దానా అంటారు. ఉర్దూలో దానా అంటే గింజ అనే అర్థము. ఆ దానాను పైనున్న తొట్టిలో, అనగా హాపరులో పోస్తారు. అది క్రిందనున్న బ్యారెల్ లోకి దిగుతుంది. బ్యారెల్ చుట్టూ హీటర్లు, లోపల తిరిగే స్క్రూ ఉంటాయి. వేడికి, స్క్రూ రాపిడికి దానా కరిగి ముద్ద అవుతుంది. అప్పుడు స్క్రూ ముందుకు తోస్తే, ఆ ముద్ద బ్యారెల్ చివరనున్న నాజిల్ గుండా అచ్చులోకి పోతుంది. ఉర్దూలో సాంచా అన్నా, తెలుగులో అచ్చు అన్నా, షెడ్డులో డై అన్నా ఒకటే. అచ్చు చల్లబడగానే తెరిస్తే దువ్వెనో, సీసా మూతో, బకెట్టో బయటికి వస్తుంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1872లో అమెరికాలో హయాట్ సోదరులు సెల్యులాయిడ్ కోసం ఇటువంటి యంత్రానికి పేటెంటు పొందారు. ఆ కాలపు యంత్రాలలో స్క్రూ లేదు. సూదిమందు గొట్టములో వలె ఒక కడ్డీ ముందుకు తోసేది. దానితో ఒక చిక్కు ఉండేది. ప్లాస్టిక్ వేడిని సరిగా ప్రసరింపనీయదు. ఉక్కుతో పోల్చితే దాని ప్రసరణ శక్తి రెండు వందల వంతుల కంటే తక్కువ. కాబట్టి గోడ ప్రక్కనున్న సరుకు మాడిపోయే వేళకు కూడా నడుమనున్నది సరిగా కరిగేది కాదు. 1946లో జేమ్స్ వాట్సన్ హెండ్రీ అనే ఆయన స్క్రూ ఉన్న యంత్రాన్ని తయారు చేశారు. స్క్రూ తిరుగుతూ కలుపుతుంది గనుక సరుకు చాలావరకు సమంగా కరగసాగింది. అంటే సరుకును సమంగా కరిగించి సమంగా నడిపించడం ఈ పనిలో మొదటినుంచీ ఉన్న సమస్యే. స్క్రూ వచ్చిన తర్వాత అందులో ఎక్కువ భాగము తీరింది. మిగిలిన దానిలో కొంత నాజిల్ దగ్గర ఉన్నది.

రంధ్రము ఎంత ఉండాలి?

అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు ఇది సులభంగా తెలుస్తుంది. జంతికల గొట్టములో సన్న రంధ్రాల బిళ్ళ వేస్తే చేతికి ఎంత బలము కావాలో మీకు తెలుసు. మెహందీ కోను కొనను ఎంత కత్తిరించాలో కూడా మీకు తెలుసు. ఎక్కువ కోస్తే ముద్ద కారుతుంది, తక్కువ కోస్తే వేళ్ళు నొప్పి పెడతాయి. లోపల గడ్డ ఉంటే గీత తెగి, తర్వాత ఒక్కసారిగా బొట్టు పడుతుంది. నాజిల్ దగ్గర జరిగేది కూడా ఇదే. కాకపోతే అక్కడ వేడి రెండు వందల డిగ్రీలు దాటి ఉంటుంది, వత్తిడి వందల బార్లలో ఉంటుంది.

ఒక లెక్క చూడండి. బ్యారెల్ లోపలి వ్యాసము 40 మి.మీ., నాజిల్ రంధ్రము 4 మి.మీ. అనుకొందాము. వ్యాసము పదింతలు తేడా గనుక వైశాల్యము నూరింతలు తేడా. సెకనుకు 30 ఘన సెంటీమీటర్ల సరుకు పోతుంటే, బ్యారెల్ లో అది సెకనుకు సుమారు 2.4 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. అదే సరుకు రంధ్రము లోపల సెకనుకు సుమారు 2.4 మీటర్లు పరుగెత్తవలసి వస్తుంది. రంధ్రము 3 మి.మీ. అయితే వేగము 4.2 మీటర్లకు పెరుగుతుంది.

వేగము పెరిగితే రాపిడి పెరుగుతుంది. నూనె వంటి మామూలు ద్రవమైతే వ్యాసము సగము చేసినప్పుడు అదే ప్రవాహానికి పదహారు రెట్ల వత్తిడి కావలసి వచ్చేది. కరిగిన ప్లాస్టిక్ అట్లా కాదు. దానికి ఒక గుణమున్నది. ఎంత వేగంగా తోస్తే అంత పల్చబడుతుంది. అందువల్ల చాలా రకాల ప్లాస్టిక్ కు సుమారు నాలుగు రెట్లతో సరిపోతుంది. నాలుగు రెట్లు కూడా తక్కువేమీ కాదు.

ఆ వత్తిడి ఊరికే పోదు, వేడిగా మారుతుంది. నాజిల్ లో 100 బార్ల వత్తిడి ఖర్చయితే సరుకు సగటున 5 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. 400 బార్లు ఖర్చయితే 20 డిగ్రీలన్నమాట. పైగా ఈ వేడి అంతటా సమంగా పుట్టదు. రంధ్రము నడుమ సరుకు వేగంగా పోతుంది, గోడను తాకిన పొర దాదాపు కదలదు. ఆ రెంటి మధ్య, గోడకు దగ్గరగా ఉన్న పొరలలో రాపిడి ఎక్కువ. వేడి అక్కడే పుడుతుంది. కాబట్టి మీటరు మీద 220 అని కనిపిస్తున్నా, నాజిల్ నుండి వచ్చే సరుకులో అంచు ఒక వేడిలోను, నడుమ ఇంకొక వేడిలోను ఉండవచ్చును. సామాను మీద చారలు, మాడిన మచ్చలు, రంగు తేడా రావడానికి ఇదొక కారణము.

మరి రంధ్రము పెద్దదిగా చేస్తే సరిపోదా? సరిపోదు. పెద్దదైతే అచ్చు తెరచినప్పుడు సరుకు కారుతుంది, లోపలి ముద్ద త్వరగా గట్టిపడదు, షాటుకు ఎక్కువ సమయము పడుతుంది. కాబట్టి సరుకును బట్టి, షాటు బరువును బట్టి, అచ్చును బట్టి రంధ్రము నిర్ణయించాలి. ఏ అచ్చు ఎక్కించినా అదే నాజిల్ తో నడపడం సరికాదు.

మూతి, గిన్నె సరిగా కూర్చోవాలి

నాజిల్ కొన గుండ్రంగా ఉంటుంది. అది అచ్చులోని స్ప్రూ బుష్ అనే చిన్న గిన్నెలో కూర్చుంటుంది. ఈ గుండ్రానికి కొలతలున్నాయి. అరంగుళము, ముప్పాతిక అంగుళము వ్యాసార్ధాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వేరే దేశాల అచ్చులలో మిల్లీమీటర్ల కొలతలు కనిపిస్తాయి. ఇక్కడ గుర్తుంచుకోవలసినవి రెండు విషయాలు.

మొదటిది: నాజిల్ గుండ్రము గిన్నె గుండ్రము కంటే రవ్వంత చిన్నదిగా ఉండాలి. అప్పుడు రంధ్రము చుట్టూ గట్టిగా అదుముకొంటుంది. పెద్దదైతే గిన్నె అంచును మాత్రమే తాకి, రంధ్రము దగ్గర సందు మిగులుతుంది. ఆ సందులోకి సరుకు దూరి బిళ్ళలాగా గట్టిపడుతుంది. ఆ తర్వాత స్ప్రూ ఊడి రాదు.

రెండవది: నాజిల్ రంధ్రము కంటే స్ప్రూ బుష్ రంధ్రము అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు వరకు పెద్దదిగా ఉండాలి. నాజిల్ 3.5 అయితే బుష్ 4 ఉండవచ్చును. ఇది తలక్రిందులైతే అక్కడ మెట్టు ఏర్పడి, గట్టిపడిన సరుకు దానికి తగులుకొంటుంది. స్ప్రూ ఇరుక్కొన్న ప్రతిసారీ అచ్చు తప్పనో, దానా తప్పనో అంటూ పిల్లవానిచేత ఇత్తడి కడ్డీతో పొడిపిస్తుంటారు. చాలాసార్లు తప్పు ఈ అర మిల్లీమీటరులో ఉంటుంది.

నాజిల్ నడిమికి కూర్చున్నదా లేదా చూడడానికి ఉస్తాదులు ఒక సులువైన పద్ధతి చెబుతారు. రెంటి మధ్య కార్బన్ కాగితము, తెల్ల కాగితము పెట్టి నాజిల్ ను మెల్లగా తాకిస్తారు. ముద్ర చుట్టూ సమంగా ఉంగరములాగా పడితే సరే. నెలవంకలాగా పడితే నాజిల్ ఒక ప్రక్కకు ఉన్నట్టు. అప్పుడు రంధ్రము సగము మూసుకొనిపోయి ప్రవాహము వంకరగా పోతుంది, సరుకు కూడా కారుతుంది.

లోపలి దారి

లోపలి దారి నునుపుగా, క్రమంగా సన్నబడుతూ ఉండాలి. బ్యారెల్ కు, నాజిల్ కు మధ్య అతుకులుంటాయి. ఒకదాని రంధ్రము ఇంకొకదానితో కలవకపోతే ఆ మూలలో సరుకు నిలిచిపోతుంది. చెరువు మూలలో నీరు కదలక పాచిపట్టినట్లే, అక్కడ నిలిచిన సరుకు గంటల తరబడి ఉడికి నల్లబడి, అప్పుడప్పుడు ముక్కలై కొట్టుకొని వస్తుంది. తెల్లని సామాను మీద నల్ల చుక్కలు పడడానికి ఇది ముఖ్యమైన కారణము.

సరుకును బట్టి నాజిల్ రకాలున్నాయి. వేడికి త్వరగా చెడిపోయే పీవీసీ వంటి వాటికి మొదటినుండి కొన వరకు ఒకే వాలుగా సన్నబడే నాజిల్ మంచిది. సరుకు నిలిచే చోటు ఉండదు. నైలాన్ వేరే రకము. నైలాన్ 66 సుమారు 260 డిగ్రీల దగ్గర కరిగి దాదాపు నూనెలాగా పారుతుంది, చల్లబడితే వెంటనే గడ్డకడుతుంది. దానికి తలక్రిందులు వాలున్న నాజిల్ వాడతారు. అన్నిటికంటే సన్నని చోటు లోపల ఉండి, అక్కడినుండి అచ్చు వైపు వెడల్పవుతుంది. అందువల్ల కొనలో గడ్డకట్టిన ముక్క స్ప్రూతో పాటే ఊడి వస్తుంది. అయితే నైలాన్ కారడానికి తేమ కూడా కారణము. దానాను ఆరబెట్టకుండా పోసి, నాజిల్ ను నిందిస్తే లాభము లేదు.

వేడి సంగతి ఇంకొకటి. నాజిల్ ఒక ప్రక్క వేడి బ్యారెల్ ను, ఇంకొక ప్రక్క చల్లని అచ్చును తాకి ఉంటుంది. కాబట్టి దానికి సొంత హీటరు, సొంత థర్మోకపుల్ ఉండాలి. పొడవైన నాజిల్ కు హీటరు మొదట్లో మాత్రమే ఉంటే కొన చల్లబడి గడ్డ తయారవుతుంది. తర్వాతి షాటులో ఆ గడ్డ ముందుగా అచ్చులోకి పోయి సామానులో మచ్చయి నిలుస్తుంది. అప్పుడు కొందరు వేడి ఇంకా పెంచుతారు. దానితో మొదట్లోనున్న సరుకు మాడుతుంది. హీటరును కొన దగ్గరకు జరపడం సరైన మార్గము.

రంగు కలవకపోతే నాజిల్ లోపల మెలి తిరిగిన రేకుల వంటి ముక్కలు పెడతారు. ఒక్కొక్క ముక్క ప్రవాహాన్ని రెండుగా చీల్చి మళ్ళీ కలుపుతుంది. పరోటా పిండిని మడిచి మడిచి పొరలు చేసినట్లే. ఆరు ముక్కలుంటే 64 పొరలు, పది ఉంటే 1024 పొరలు. వేడి తేడా, రంగు తేడా రెండూ తగ్గుతాయి. కాని వత్తిడి ఖర్చు పెరుగుతుంది. వేడికి చెడిపోయే సరుకుకు ఇది పనికిరాదు.

ప్రతి తప్పూ నాజిల్ ది కాదు

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఒకే అచ్చులో ఎనిమిది మూతలు వచ్చేటప్పుడు, అన్నిటికీ దారి సమాన పొడవున్నా, నడుమనున్న నాలుగు ముందు నిండి, చివరి నాలుగు వెనుకబడుతుంటాయి. చాలాకాలము అచ్చు చేసినవారినే దీనికి తప్పుపట్టారు. 1990ల చివరలో అమెరికాలో జాన్ బోమాంట్ అనే అధ్యాపకుడు దీని కారణము స్పష్టముగా చూపించారు. ఇంతకు ముందు చెప్పిన అంచు పొర వేడే ఇక్కడా కారణము. దారి రెండుగా చీలినప్పుడు ఆ వేడి పొర సమంగా పంచబడదు. లోపలి దారికి ఎక్కువ పోతుంది. దారి మలుపులలో ప్రవాహాన్ని కొంచెము తిప్పితే పొరలు సర్దుకొంటాయి. ఇది అచ్చులో సరిదిద్దవలసిన పని, నాజిల్ మారిస్తే పోదు.

మరి తప్పు ఎక్కడున్నదో ఎట్లా తెలియాలి? కొలవాలి. ఒకే వేగముతో మూడు షాట్లు కొట్టి వత్తిడి వ్రాసుకోవాలి. మొదట నాజిల్ వెనుకకు జరిపి, అడ్డు మూసి, గాలిలోకి ఒక షాటు. తర్వాత రన్నరు వరకే నిండే షాటు. తర్వాత పూర్తి సామాను. ఉదాహరణకు మొదటిది 350 బార్లు, రెండవది 600, మూడవది 1100 అనుకొందాము. నాజిల్ ఖర్చు 350, రన్నరు ఖర్చు 250, సామాను ఖర్చు 500 అని తెలిసిపోయింది. నాజిల్ వాటా మరీ ఎక్కువైతే రంధ్రము చూడాలి. పాత హైడ్రాలిక్ యంత్రాలలో మీటరు చూపేది నూనె వత్తిడి. సరుకు మీద పడేది సాధారణంగా దానికి సుమారు పది రెట్లు. ఆ తేడా గుర్తుంచుకోవాలి. ఈ మూడు కొలతలకు అరగంట చాలు. దీనికి కావలసిన లెక్క తీసివేత ఒక్కటే. అది మన బడిలో మూడవ తరగతి పిల్లవాడికి కూడా వచ్చును.

ప్రాణానికి సంబంధించిన మాటలు

తల్లిదండ్రులు ఈ భాగాన్ని ఇంటికి పోయి పిల్లలకు తప్పక చెప్పవలెనని కోరుతున్నాము.

మూసుకొనిపోయిన నాజిల్ ఎదుట నిలబడరాదు. లోపల సరుకు మాడి గ్యాసు నిండి ఉంటే, అడ్డు కరగగానే ఒక్కసారిగా చిమ్ముతుంది. హాపరులోకి తొంగి చూడరాదు, అటువైపు నుండి కూడా తన్నుకొని వస్తుంది. నాజిల్ మూసుకొన్నదని వత్తిడి పెంచుతూ పోవడం, గ్యాసు మంటతో కాల్చడం ప్రమాదము. సరుకు ఖాళీ చేసేటప్పుడు అడ్డుతలుపు మూసి ఉండాలి, ముఖానికి అద్దము, చేతులకు తొడుగులు ఉండాలి.

పీవీసీ, అసిటాల్ ఈ రెండూ ఒకే బ్యారెల్ లో కలవరాదు. ఒకదాని ఆవిరి రెండవదాన్ని చెడగొట్టి పేలుడు వంటి వత్తిడి పుట్టిస్తుంది. ఒకటి వాడిన తర్వాత పాలిథిన్ వంటి సరుకుతో బ్యారెల్ ను, నాజిల్ ను పూర్తిగా కడిగి, తర్వాతే రెండవది పోయాలి.

కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకొంటే పీకరాదు, చర్మము కూడా ఊడి వస్తుంది. వెంటనే చల్లని నీటి ధార క్రింద చాలాసేపు ఉంచి, అంటుకొన్నది అట్లాగే ఉండగా ఆసుపత్రికి తీసుకొని పోవాలి. పేస్టు, నూనె, సిరా ఏదీ పూయరాదు.

మనము చేయదగినది

ఇదంతా చెప్పడంలో మా ఉద్దేశము ఒకటే. ఒకే నాజిల్ ముందు పదేండ్లు నిలబడినవాడు హెల్పరుగానే ఉండి, దానిని కొలవడం నేర్చినవాడు సెట్టరు కావడము మేము చూస్తూనే ఉన్నాము. వారిద్దరి బలములో తేడా లేదు, తెలివిలో కూడా పెద్ద తేడా లేదు. ఒకనికి వేడి పెంచు, వత్తిడి పెంచు అన్న రెండు మాటలే తెలుసు. రెండవవాడు ఎందుకని అడిగి, వ్రాసుకొన్నాడు.

కాబట్టి పనిలో ఉన్న పిల్లలు ఒక నోటుపుస్తకము పెట్టుకోవాలి. ఏ అచ్చుకు ఏ నాజిల్, రంధ్రమెంత, గుండ్రమెంత, నాజిల్ వేడి ఎంత అని వ్రాసుకోవాలి. యంత్రము ఆపి నాజిల్ విప్పి చల్లారినప్పుడు, డ్రిల్ బిట్ల వెనుక కాడలతో రంధ్రము కొలవవచ్చును. గుండ్రానికి రేడియస్ గేజి ఉంటుంది, అది పెద్ద ఖరీదైనది కాదు. ఉర్దూలో వ్రాసినా, తెలుగులో వ్రాసినా అంకెలు అంకెలే.

పదవ తరగతి చదువుతున్నవారికి ఇంకొక దారి ఉన్నది. బాలానగర్ లో 1968లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నది. అదే 1968లో మద్రాసులో మొదలైన సిపెట్ సంస్థకు చర్లపల్లిలో శాఖ ఉన్నది. అచ్చుల తయారీ, ప్లాస్టిక్ పనులలో డిప్లొమా కోర్సులకు పదవ తరగతి తర్వాత అక్కడ ప్రవేశమున్నది. ప్రవేశ పరీక్ష ఉంటుంది. మన పిల్లలకు లెక్కలు, సైన్సు వచ్చును గాని ఇంగ్లీషు పారిభాషిక పదాల దగ్గర ఆగిపోతున్నారు. ఆ పదాలను ఉర్దూలో, తెలుగులో వివరించే పని సాయంత్రము పూట చేయడానికి మావంటి ఉపాధ్యాయులు సిద్ధముగా ఉన్నాము. ఆడపిల్లలను కూడా పంపండి. గేజి పట్టుకొని అర మిల్లీమీటరు తేడా చూడడానికి మగవాడే కావాలని ఎక్కడా లేదు.

 ఇందులో ఏ మాటైనా తెలియకపోతే సభ అయిన తర్వాత అడగండి. భోజనాల దగ్గర ఒక పాత నాజిల్ ను, ఒక స్ప్రూ బుష్ ను బల్ల మీద పెట్టించాము. చేతితో పట్టుకొని, ఒకదానిలో ఒకటి ఎట్లా కూర్చుంటుందో పిల్లలకు చూపించండి.